ఆవిడ నారు, నా నోరు

మా తోటకు ఏడాది నిండింది!

ఈ మాట నేనంటే వీధి చివరిదాకా వినబడుతుంది. అది నా గొప్ప కాదు, నా గొంతు గొప్ప. ఇరవై ఏళ్ళకు పైగా బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పి బతికినవాణ్ణి. ఆ తరవాత నా కుర్చీలో ఒక పెట్టెను తెచ్చి కూర్చోబెట్టారు. మీట నొక్కితే అదే చెబుతుంది. దానికి దగ్గు రాదు, టీ అక్కర్లేదు, జోకులు వేయదు. ముఖ్యంగా జోకులు వేయదనే దాన్ని తెచ్చారని మా ఆవిడ అభిప్రాయం.

అలా నా జీవితంలో బస్సులు పోయి బస్తాలు వచ్చాయి. ప్లాట్‌ఫారంలో ఒక ప్లాటూ ఉంది, ఒక ఫారమూ ఉంది. అన్నేళ్ళు ఆ మాటను మైకులో అరిచాను గానీ, అది నాకు తట్టలేదు. మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ వెనక అర ఎకరం ఖాళీ స్థలం, ఆ ఫ్యాక్టరీ యజమాని దగ్గర కౌలుకు తీసుకున్నాం. కవులు పెంచే తోటలు వేరు, కౌలు తోట వేరు. కవుల తోటలో ఎవరూ నడుం పట్టుకుని లేవరు.

"తీసుకున్నాం" అనడం మర్యాదకు. తీసుకున్నది మా ఆవిడ. అంతకుముందు ఆవిడ మొక్కల నర్సరీలో పనిచేసేది. ఎవరి పెరట్లోకో, ఎవరి బాల్కనీలోకో వెళ్ళిపోయే మొక్కలను పెంచీ పెంచీ విసిగి, "ఒక్కసారైనా నేను నాటింది నేనే కోయాలండీ" అంది. నాకు ఉద్యోగం లేదు కాబట్టి అభ్యంతరం చెప్పే అధికారమూ లేదు. పని పంపకం మొదటిరోజే జరిగిపోయింది. ఆవిడది నారు, నాది నోరు. ఆవిడ పెంచుతుంది, నేను పెంచి చెబుతాను.

ఆ నేల ఎలాంటిదనుకున్నారు! పార వేస్తే గాజుపెంకు, గునపం వేస్తే తుప్పుపట్టిన బోల్టు. మొదటి నెలలో మా దిగుబడి అంతా ఇనుమే. పాత సామాన్లవాడు మా గేటు ముందు నిలబడి, "ఈ పంట బాగుంది సార్, ఏటా వేయండి" అన్నాడు. కానీ ఐసు ఫ్యాక్టరీవాళ్ళు వెనక రెండు మంచి పనులు చేసిపోయారు. ఒకటి, సిమెంటు నీళ్ళతొట్టి. రెండోది, ఐసు దిమ్మలు కరగకుండా కప్పే రంపపు పొట్టు, గోడ పక్కన కొండలా పోసి వదిలేశారు. ఏళ్ళ తరబడి వానకు తడిసి, ఎండకు మాగి, నల్లటి మెత్తటి మట్టిలా తయారైందది. మా ఆవిడ అందులో చెయ్యి పెట్టి, పిడికిలి బిగించి, వాసన చూసి, నావైపు తిరిగి నవ్వింది. పెళ్ళిచూపుల్లో కూడా నన్ను చూసి అలా నవ్వలేదు.

ఆ తరవాత పడ్డది అసలు సిసలు కాయకష్టం. కాయల కోసం పడే కష్టం కాబట్టే దానికి ఆ పేరు వచ్చిందని నా నమ్మకం. కలుపు తీసే పని నాకప్పజెప్పింది. నేను స్వతహాగా కలుపుగోలు మనిషిని, దేన్ని పీకాలో తెలిసేది కాదు. ఒకరోజు ఉల్లినారు మొత్తం పీకి, గడ్డిని వరసగా మిగిల్చాను. "ఎంత పొందిగ్గా పీకారండీ!" అందావిడ. ఆ పొగడ్త తరవాత నాకు సంత పని మాత్రమే మిగిలింది.

మొదటిసారి తీసిన క్యారెట్లకు రాళ్ళ దెబ్బకి రెండేసి కాళ్ళొచ్చాయి. "నడిచి మీ ఇంటికి వచ్చే క్యారెట్లు!" అని అరిచి మధ్యాహ్నానికల్లా అమ్మేశాను. రెండోసారి తీసినవి నిటారుగా, గీత గీసినట్టు వచ్చాయి. వాటికి నేను అరవాల్సిన పనే లేకపోయింది, కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది. పాలకూర ఆకు అరచేతి కంటే వెడల్పు. బీన్సు తుంచితే సంతలో అవతలి బల్లవాడు తలెత్తి చూసేంత చప్పుడు. జనం ఎగబడితేనే దిగుబడి. మా బల్ల ముందు జనం ఎగబడ్డారు! ఇది గర్వం అంటారా? అనండి. ఏడాదంతా వంగినవాళ్ళకు కాస్త విర్రవీగే హక్కుంది.

అన్నీ బాగానే ఉన్నాయి, టమాటా తప్ప.

టమాటాలో సగానికి పైగా ఉన్నది మాటే. మాట నా సొత్తు కదా, ఈ పంట నాకు కలిసొస్తుందనుకున్నాను. కొట్టులో పేరున్న విత్తనమే తెచ్చి నాటాం. పూత వచ్చింది, పిందె పట్టింది. అప్పుడు తగులుకుంది ఎండు తెగులు. నాకు తెలిసింది తెలుగు, మొక్కకు తగిలింది తెగులు. నేను ఎంత మాట్లాడినా అది వినలేదు. పొద్దున పచ్చగా నిలబడ్డ మొక్క సాయంత్రానికి తడిగుడ్డలా వేలాడేది. మందులు వేశాం, మట్టి మార్చాం. వరస వెంట వరస పోయింది. మా ఆవిడ రోజూ చచ్చిన మొక్కలను పీకి, ఒక్కొక్కదాన్నీ వేళ్ళతో సహా తిప్పి చూసి, మాట్లాడకుండా గోడ అవతల పడేసి వచ్చేది. ఆ రోజుల్లో నేను జోకులు వేయలేదు. వేసినవి పైకి అనలేదు.

అలా అన్నీ పోయాక కనిపించిందది. నీళ్ళతొట్టి పైపు కారే చోట, పొట్టు కుప్ప అంచున, ఎవరూ నాటని ఒక టమాటా మొక్క. ఏ పిట్ట ఏ దారిన వెళ్తూ పడేసిందో! చుట్టూ అన్నీ వడలిపోతుంటే అది మాత్రం నిటారుగా నిలబడి ఉంది. టికెట్టు కొనుక్కుని ఎక్కిన వాళ్ళంతా మధ్యలో దిగిపోతే, టికెట్టు లేనిది కిటికీ పక్కన సీటు పట్టుకుని కూర్చుంది. అందుకే దానికి "టికెట్‌లేనిది" అని పేరు పెట్టాను. కాయలు భుజాల దగ్గర గాడులు పడి, గుమ్మడికాయకు పుట్టిన పిల్లల్లా ఉండేవి. ఎరుపు ఎంతంటే, ట్రాఫిక్ కూడలిలో పెడితే బండ్లు ఆగిపోతాయి. రుచి సంగతి నన్నడగండి, తొలి కాయలన్నీ పిట్టలతో పోటీ పడి తిన్నది నేనే.

దాని విలువ మాకు తెలిసొచ్చేసరికి మొక్క కింది నుంచి ఎండుతోంది. దాని కాలం అయిపోయింది. చివరి కాపు, గుప్పెడు కాయలు మిగిలాయి. మా ఆవిడ వాటి తొడిమలకు ఎర్ర రిబ్బను ముక్కలు కట్టింది.

"ఇవి ఎవరూ ముట్టుకోవద్దు. బాగా మెత్తబడేదాకా మొక్క మీదే ఉండాలి. ఇవి గింజకు."

"మహారాణీ గారి ఆజ్ఞ."

"వేళాకోళం కాదండీ. ఆ తెగుల్ని తట్టుకున్నది ఇదొక్కటే. ఈ గింజ ఉంటే వచ్చే ఏడు మళ్ళీ వేస్తాను. లేకపోతే మళ్ళీ ఆ కొట్టు విత్తనం, మళ్ళీ రోజూ చచ్చినవి పీకడం. అది నావల్ల కాదు. కౌలు కూడా వద్దనేద్దాం."

ఆవిడ గొంతులో అలసట చూసి నేను నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకున్నానంటే పరిస్థితి ఎంత తీవ్రమో మీరే ఊహించుకోండి. రెండో ఏడాది మొత్తం ఆ రిబ్బన్లకు వేలాడుతోంది.

ఆ రిబ్బన్ల సంగతి చెప్పాలి. అవి మా బావమరిది ఇచ్చినవి. అతను పెద్ద గిఫ్టుల షాపులో పొట్లాలు కట్టే పని చేస్తాడు. అందరూ "ప్యాకింగు" అనే పిలుస్తారు. ఏ వస్తువు చేతికిచ్చినా నాలుగు మడతలు వేసి, పైన పువ్వులా రిబ్బను విప్పార్చనిదే అతనికి నిద్రపట్టదు. రీళ్ళ చివర మిగిలిన ముక్కలను చిక్కుడు తీగలు కట్టుకోమని వాళ్ళ అక్కకు తెచ్చి ఇచ్చేవాడు. శనివారాలు సెలవు, మా తోటలో సాయం.

మా ఏడాది పూర్తయ్యే వారం నేను సంతలో ఊరుకోలేదు. "మా తోటకు తొలి వార్షికోత్సవం!" అని బల్లెక్కి అరుస్తూనే ఉన్నాను. ఆ శనివారం పొద్దున మా ఆవిడ పశువుల ఎరువు మాట్లాడుకోవడానికి వెళ్తూ తమ్ముడికి చెప్పింది. "మంచివి చూసి కోసి, సంచుల్లో సర్ది, మూడంతస్తుల ఇంట్లో వాళ్ళకి ఇచ్చిరా." ఆ ఇంట్లో మాకు వారం వారం సంచి తీసుకునే వాళ్ళున్నారు. నేను సంతలో బల్ల దగ్గరున్నాను.

మధ్యాహ్నం ప్యాకింగు ఖాళీ బుట్టలతో వచ్చాడు. మొహం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది.

"బావా, అదిరిపోయింది!"

"ఏది, భూమా?"

"గిఫ్టు! అందరూ ఎంత మురిసిపోయారో. ఆ టైలరమ్మ అయితే, ఇలాంటి మర్యాద ఎవరు చేస్తారు బాబూ అంది."

"ఏ గిఫ్టురా?"

"నాకు తెలియనట్టు అడుగుతావేంటి బావా. వారమంతా వార్షికోత్సవం వార్షికోత్సవం అని నువ్వే అరిచావు. అక్క చూస్తే టమాటాలకు రిబ్బన్లు కట్టి పెట్టింది. మా షాపులో ఎర్ర రిబ్బను పడిందంటే ఆ సరుకు రెడీ, ఇచ్చెయ్యడమే. నోరు విప్పి చెప్పకపోయినా నాకర్థం కాదా? సంచికొకటి పైన పెట్టి ఇచ్చాను. ముడి కాస్త వదులుగా ఉంది, నేనే మళ్ళీ పువ్వు కట్టాను."

"అన్నీ ఇచ్చేశావా?"

"ఇంటికొకటి చొప్పున సరిగ్గా సరిపోయాయి. అక్క లెక్కే లెక్క."

"మొక్క? ఆ మొక్క ఉందా?"

"ఆ పైపు దగ్గరదా? ఎండిపోయి అసహ్యంగా ఉంది బావా. పీకి, తక్కిన చెత్తతో కలిపి మంట పెట్టేశాను. ప్యాక్ చేశాక బల్ల శుభ్రం చేసెయ్యాలి. మా షాపులో రూలు."

సరిగ్గా అప్పుడే మా ఆవిడ ఎరువు ట్రాలీ దిగి వచ్చింది. తమ్ముడు అదే ఉత్సాహంతో మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. రిబ్బను పువ్వు దగ్గరికి వచ్చేసరికి అక్క మొహం చూసి గొంతు తగ్గించాడు. మంట దగ్గర ఆగిపోయాడు.

మా ఆవిడ తిడితే నాకు ధైర్యం. తిట్టకపోతేనే భయం. ఆవిడ తిట్టలేదు. బోర్లించిన ట్రే మీద కూర్చుని, చీర కుచ్చిళ్ళకు అంటిన ఎరువు దులుపుకుంది.

"వాణ్ణేమీ అనకండి. ప్రేమగానే చేశాడు. మంచివి చూసి కోయమన్నాను, మంచివే కోశాడు."

"అక్కా, నేను... రిబ్బను కదా అని..."

"సరేలేరా. ఏవండీ, ఆ ఐసు ఫ్యాక్టరీ ఆయనకి చెప్పేయండి, ఇంక..."

"ఆగు!" అన్నాను. సంతంతా ఆగింది. "అప్పుడే చెప్పను. పొద్దున ఇచ్చినవి మధ్యాహ్నానికే అరిగిపోతాయా? ఒక్క కాయ దొరికితే చాలు కదా? ఒక్క కాయలో ఎన్ని గింజలుంటాయి?"

"చాలా ఉంటాయి. కానీ ఇచ్చిన కానుక వెనక్కి అడుగుతారా, సిగ్గులేకుండా?"

"సిగ్గుంటే ఇరవై ఏళ్ళు మైకులో అరిచేవాణ్ణా?"

బల్ల ప్యాకింగుకి అప్పజెప్పి, "నువ్వు దేనికీ రిబ్బను కట్టకు, విప్పకు!" అని, ఆవిడ చెయ్యి పట్టుకుని బయల్దేరాను.

ఆ మూడంతస్తుల ఇంటికి మధ్యలో చిన్న సిమెంటు ఆవరణ, చుట్టూ బాల్కనీలు. ఒక్కొక్క తలుపూ తట్టుకుంటూ పోతే ఈలోపు ఎవరి కత్తి ఎక్కడ దిగుతుందో! ఆవరణ మధ్యలో నిలబడి, ఊపిరి పీల్చి, బస్టాండులో నా కుర్చీ ఎక్కిన పెట్టెను తలుచుకుని, దానికంటే గట్టిగా ఎత్తుకున్నాను.

"ప్రయాణికులకు... క్షమించాలి, ఇంటివారికి విజ్ఞప్తి! ఈ ఉదయం ఎర్ర రిబ్బను కట్టుకుని ఈ భవనానికి వచ్చిన టమాటాలు పొరపాటున దారి మళ్ళినవి. వాటిని కోయరాదు, కొరకరాదు, వండరాదు! ఎక్కడివక్కడే నిలిపివేయవలసిందిగా కోరుతున్నాము! మరొకసారి..."

మరొకసారి అక్కర్లేకపోయింది. బాల్కనీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

మొదటి అంతస్తు నుంచి పళ్ళ డాక్టరు తొంగిచూశాడు. పళ్ళంటే దంతాలు. "ఏమైందండీ? విషమా?"

"కాదు డాక్టరుగారూ, విత్తనం! మీ కాయ ఉందా?"

"సంచి గుమ్మంలో ఉండగానే కొరికేశాను. చొక్కా మీద కూడా కారింది."

పండు పళ్ళ డాక్టరు పళ్ళకింద పడింది. దానికి ఎవరినని ఏం లాభం?

రెండో అంతస్తులో టైలరమ్మ మెడలో టేపు వేసుకుని వచ్చింది. "నేను ముక్కలు కోసి తినేశానయ్యా. గింజలు నాకు పడవు, తీసేసి సింకులో కడిగేశాను."

"అయ్యో, గింజలే కావాలమ్మా!"

"ముందే అరవాల్సింది. రిబ్బను కావాలంటే ఇస్తాను. అది కూడా పాపాయి గౌనుకు కుట్టేశాను, విప్పాలి."

ఎదురు బాల్కనీలో కొత్తగా పెళ్ళయిన జంట. అతని చేతిలో గరిటె, ఆమె చేతిలో ప్లేటు.

"మాది ఆమ్లెట్‌లో ఉంది అంకుల్!"

"ఉందా? ఉడికిందా?"

"మాడింది కూడా!" అందా అమ్మాయి. "ఫోను చూస్తూ వేశాడు."

"నీతో మాట్లాడుతూ వేశాను!"

వాళ్ళిద్దరినీ వాళ్ళ ఆమ్లెట్‌కు వదిలేసి పైకి చూశాను. మూడో అంతస్తు బాల్కనీ ఒక్కటే తెరుచుకోలేదు. అది టీచరమ్మగారిది.

ఆవిడ రిటైరైన టీచరు, ఒక్కరే ఉంటారు. మా ఇద్దరి మధ్య ఆవిడ పేరు "కానీగారు". ఏడాదిగా ఆవిడ నోట "కానీ" లేని వాక్యం వినలేదు. పాలకూర బాగుంది, కానీ కాడలు పొడుగు. బీన్సు లేతగా ఉన్నాయి, కానీ ఒకటి వంకర. వంకాయలకైతే పేరులోనే వంక ఉంది, వేరే చెప్పక్కర్లేదు. ఒకసారి, "క్యారెట్లు తియ్యగా ఉన్నాయి, కానీ మట్టి" అన్నారు. "మట్టిలో పుట్టాయి కదమ్మా" అన్నాను. "నేనూ ఆసుపత్రిలోనే పుట్టాను. మంచం వెంటబెట్టుకుని తిరగడం లేదుగా" అన్నారు. మాటల్లో నన్ను పడగొట్టిన మనిషి ఈ భూమ్మీద ఆవిడొక్కరే.

మెట్లెక్కి తలుపు తట్టాను. గొలుసు సందులోంచి కళ్ళజోడు కనిపించింది.

"అరుపు వినబడింది. వ్యాకరణం బాగుంది, కానీ గొంతు ఎక్కువ."

"టీచరమ్మగారూ, ఆ టమాటా..."

గొలుసు తీశారు. ఇరుకు గది. కుర్చీలకు తెల్లగుడ్డ తొడుగులు, అలమర మీద పాత గ్లోబు. కిటికీ గట్టు మీద, సాసరులో, ఎర్ర రిబ్బను పువ్వుతో సహా, చెక్కు చెదరకుండా కూర్చుని ఉంది టికెట్‌లేనిది. నా వెనక నుంచి మా ఆవిడ తల ముందుకు చాపి చూసింది.

"ఈ కాయ బాగుంది" అన్నారు టీచరమ్మ.

నేను "కానీ" కోసం ఎదురుచూశాను. గోడ గడియారం కొట్టుకుంటోంది. కింద ఎవరిదో కుక్కరు కూసింది. కానీ రాలేదు.

"అంతేనా అమ్మా?"

"అంతే. ఏడాదికి ఒకటి వంక లేకుండా ఇచ్చారు. అందుకే తినలేదు, గింజకు పెట్టుకున్నాను. ఇప్పుడు వెనక్కి అడగడానికి వచ్చారా?"

నాలుగు వీధులకు వినబడే గొంతు నాది. ఆ క్షణంలో మాటల పని మా ఆవిడకే వదిలి ఒకడుగు పక్కకు జరిగాను. ఏ కాయ తిరిగి దొరకాలని వచ్చానో దాన్ని చూసి కాదు. ఈ మనిషి, ఏడాది పొడుగునా మా కాయల్ని ఎర్రసిరా కళ్ళతో చూసిన మనిషి, మా గింజ దాచుకోవాలనుకుందా!

మా ఆవిడ ముందుకొచ్చింది. "అడగడానికే వచ్చామమ్మా. మా మొక్కను మా తమ్ముడు తెలియక పీకేశాడు. కిందివాళ్ళ కాయలన్నీ పోయాయి. ఇదొక్కటే మిగిలింది. ఇది లేకపోతే నేను తోట వదిలేస్తాను."

టీచరమ్మ కాసేపు ఆవిడ చేతుల వంక చూశారు. గోళ్ళ చుట్టూ మట్టి గీతలు ఎంత తోమినా పోవు. తరవాత వెళ్ళి బాల్కనీ తలుపు తీశారు. "ఇలా రండి."

బాల్కనీలో ఒకే ఒక కుండీ, సగానికి పైగా మట్టితో.

"ఇది మీదే" అన్నారు.

"మాదా?"

"మీ క్యారెట్లకు, ముల్లంగికి, పాలకూర వేళ్ళకు అంటుకుని వచ్చింది. వారం వారం కడిగి, నీళ్ళు వంచి, ఇందులో పోశాను. మంచి మట్టి, పారేయబుద్ధి కాలేదు. ఏడాదిగా మీ తోట కొంచెం కొంచెంగా నా ఇంటికి వస్తోంది. ఇందులో ఏం వేయాలా అని చూస్తున్నాను. ఈ కాయ వచ్చింది."

మా ఆవిడ ఆ కుండీ ముందు కూర్చుంది. మట్టిని వేలితో నొక్కి చూసి, చిటికెడు తీసి నలిపింది. నల్లగా, మెత్తగా, మా పొట్టు కుప్ప మట్టే! చచ్చిన మొక్కలు పీకిన రోజుల్లో కూడా కళ్ళనీళ్ళు పెట్టుకోని మనిషి, మోచేత్తో మొహం తుడుచుకుంది.

"ఒక కాయ ఇద్దరికి సరిపోతుందమ్మా" అంది. "కొయ్యనా?"

"కొయ్యండి. కానీ..."

అమ్మయ్య! ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రపంచం మళ్ళీ గాడిలో పడింది.

"...కానీ అడ్డంగా కొయ్యండి. నిలువుగా కోస్తే గదులు తెగి గింజలు నలుగుతాయి."

"అడ్డంగానే కోస్తానమ్మా."

రిబ్బను విప్పి, బల్ల మీద కత్తి పెట్టి కోసింది. గదులు పూవులా విచ్చుకున్నాయి, ఒక్కొక్క గదిలో బంగారు రంగు గింజలు జిగురులో తేలుతూ. రెండు గాజు గ్లాసుల్లోకి, చెరిసగం, చెంచాతో గీకి తీసింది. టీచరమ్మ రెండు గ్లాసులనూ వెలుతురుకెత్తి, సమంగా ఉన్నాయా అని చూశారు. మిగిలిన కండను ఉప్పు చల్లి ముగ్గురం అక్కడే తిన్నాం. టీచరమ్మగారు చివర వేలు కూడా నాకారు. నేను కూడా.

గింజల జిగురు పోవాలంటే నీళ్ళలో పులియబెట్టాలట. మా వంటింట్లో ఆ గ్లాసు పెట్టిన చోటికి ఎవరూ వెళ్ళలేకపోయారు, అంత కంపు. పైన నురగ కట్టాక కడిగి, నీడలో పళ్ళెం మీద ఆరబెట్టింది. ఆరిన గింజలు ఒక్కొక్కటీ బొచ్చుగా, తేలిగ్గా, తుమ్మితే ఎగిరిపోయేలా ఉన్నాయి. నేను ఆ గదిలోకి వెళ్ళడం నిషేధం, తుమ్ముతానని కాదు, మాట్లాడతానని. కౌలు మాట మాత్రం ఆవిడ ఎత్తలేదు. "మొలవనీయండి, అప్పుడు చెబుతాను" అంది. గింజ పచ్చిదో పండిందో, పళ్ళెం దిగి నేలలోకి వెళ్ళేదాకా తెలియదట.

జల్లించిన మట్టితో ట్రేలు నింపి విత్తింది. ప్యాకింగు పశ్చాత్తాపంతో ప్రతి ట్రేకీ ఒక అట్ట కార్డు కట్టాడు. బంగారు అక్షరాలు, చుట్టూ పువ్వులు, మధ్యలో "ఇది గిఫ్టు కాదు". నీళ్ళతొట్టికి కూడా ఒకటి కట్టాడు. నా వీపుకు కట్టబోతే పట్టుకున్నాను.

రోజులు గడిచాయి. మట్టి మట్టిలాగే ఉంది. మా ఆవిడ పొద్దునే లేచి చూడ్డం, ఏమీ అనకుండా వచ్చి టీ పెట్టడం. నేను అడగడం మానేశాను.

ఒక పొద్దున ఫోను మోగింది.

"టీచరమ్మను. మొలిచాయి."

"మొలిచాయా!" అని కేక పెట్టాను. అటువైపు ఆవిడ ఫోను దూరం జరుపుకున్న చప్పుడు వినబడింది.

"మొలిచాయి. కానీ..."

"ఆఁ, కానీ?"

"ఒకటి కాస్త పక్కకు వాలింది. అది సరే, మీవి?"

ఫోను చేత్తోనే పట్టుకుని షెడ్డులోకి పరుగెత్తాను. మా ఆవిడ ట్రేల ముందు గొంతుకూర్చుని ఉంది, వీపు నావైపు. తిరగలేదు. పక్కకు జరిగి, చోటిచ్చింది.

నల్లటి మట్టి మీద ఆకుపచ్చ. చీమకాళ్ళంత కాడలు, వంగి లేస్తూ, కొన్నిటి నెత్తి మీద ఇంకా గింజ పెంకు టోపీలా వేలాడుతూ. ఒకటీ రెండూ కాదు, ట్రే నిండా! అన్ని చచ్చిన మొక్కల మధ్య ఒంటరిగా నిలబడ్డది, మంటలో కాలిపోయింది, ఆమ్లెట్‌లో మాడింది, పళ్ళ కింద పడింది, సింకులో కొట్టుకుపోయింది. అయినా ఇదిగో, వరస కట్టి నిలబడింది. టికెట్టు లేకుండానే!

"ఐసు ఫ్యాక్టరీ ఆయనకి చెప్పండి" అంది మా ఆవిడ, వాటిమీంచి కళ్ళు తీయకుండా. "ఇంకో ఏడు ఉంటాం అని."

ఇంక ఆపడం ఎవరి తరం? షెడ్డు గుమ్మంలో నిలబడి, ఐసు ఫ్యాక్టరీ గోడలు మారుమోగేలా అందుకున్నాను.

"ప్రయాణికులకు విజ్ఞప్తి! మా తోట నుంచి మీ వంటింటికి పోవు రెండో ఏడాది బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చి ఉన్నది! డ్రైవరు, నా భార్య! కండక్టరు, నేను! ఆలస్యమైనందుకు చింతించడం లేదు!"

చేతిలోని ఫోనులోంచి సన్నగా టీచరమ్మ గొంతు. "బాగుంది, కానీ గొంతు ఎక్కువ."

"మీరిద్దరూ తరవాత మాట్లాడుకోండి" అంది డ్రైవరు, నీళ్ళడబ్బా నా చేతికిస్తూ. "ముందు వీటికి నీళ్ళు చల్లండి. పొయ్యద్దు, చల్లండి."